ఫోన్‌లో 43 ముక్కలు, పూర్తయిన పాట ఒక్కటీ లేదు: ట్యూన్ ఆగిపోతే ఏం చేయాలి?

(వీడియో ఎపిసోడ్‌కి అక్షర రూపం. మాట్లాడింది మాట్లాడినట్టే ఇచ్చాం, చదవడానికి వీలుగా అక్కడక్కడ కొంచెం సర్దాం.)

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. చదివి వినిపిస్తా. "అన్నా, నా ఫోన్‌లో 43 వాయిస్ రికార్డింగులు ఉన్నాయి. అన్నీ అర నిమిషం, నిమిషం ముక్కలే. ఏడాది నుంచి ఒక్క పాట కూడా పూర్తి చేయలేదు. ఇప్పుడు గిటార్ పట్టుకోవాలంటేనే భయమేస్తోంది. నాలో సరుకు అయిపోయిందా?"

తమ్ముడూ, సరుకు అయిపోతే ఆ 43 ముక్కలు ఎక్కడి నుంచి వచ్చినట్టు? నీకు ట్యూన్లు రాకపోవడం లేదు. వచ్చిన ట్యూన్‌ని నువ్వు బతకనివ్వట్లేదు. ఇవి రెండూ వేరు వేరు జబ్బులు, మందులు కూడా వేరు. ఈరోజు ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

ముందు నా సంగతి చెప్తా. మాది తుని దగ్గర పల్లెటూరు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకి కీబోర్డ్ వాయిస్తూ హైదరాబాద్ వచ్చా. ఒక షార్ట్ ఫిల్మ్‌కి పాట చేసే ఛాన్స్ వచ్చింది. నా సొంత పేరు పడే మొదటి పాట అది. ట్యూన్ కట్టి వినిపించా. డైరెక్టర్ విని, "బాగుంది బ్రో, కానీ ఎక్కడో విన్నట్టుంది" అన్నాడు. పాపం, అతను తిట్టలేదు, మామూలుగానే అన్నాడు. కానీ ఆ మాట నా చెవిలో దూరి కూర్చుంది. ఆ తర్వాత కీబోర్డ్ మీద ఏ రెండు మెట్లు నొక్కినా ఎక్కడో విన్నట్టే ఉండేది. కొత్త ట్యూన్ మొదలుపెట్టడం, రెండు లైన్లు వాయించడం, "ఇదేదో పాటలా ఉంది" అనుకోవడం, డిలీట్ కొట్టడం. ఇదే పని. కీబోర్డ్ మీద ముందు దుప్పటి కప్పా. తర్వాత ఆ దుప్పటి మీద ఆరిన బట్టలు మడతపెట్టి పెట్టడం మొదలుపెట్టా. నాన్న ఫోన్ చేసి "పాట ఎంతవరకు వచ్చిందిరా?" అనేవారు. "మిక్సింగ్‌లో ఉంది నాన్నా" అనేవాణ్ణి. ఏడు నెలలు మిక్సింగ్!

ఆ టైంలో నాకు బాగా ఉపయోగపడింది ఏంటంటే, ఒక రష్యన్ సంగీతకర్త కథ. సెర్గీ రాఖ్మానినోఫ్. పియానో నేర్చుకునేవాళ్లకి ఈ పేరు తెలిసే ఉంటుంది. 1897 మార్చిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన మొదటి సింఫనీని మొదటిసారి వాయించారు. అప్పటికి ఆయన వయసు 23. అంటే మీలో చాలామంది వయసే. రిహార్సల్స్ సరిగ్గా జరగలేదు, వాయించడం ఘోరంగా వచ్చింది. సీజర్ క్యుయి అనే పేరున్న సంగీతకర్త పత్రికలో ఏకిపారేశాడు. ఆ దెబ్బకి దాదాపు మూడేళ్లు ఆయన పెద్ద రచన ఏదీ చేయలేకపోయారు.

ఇక్కడ నాకు నచ్చిన విషయాలు మూడున్నాయి.

మొదటిది, ఆ మూడేళ్లు ఆయన సంగీతాన్ని వదిలేసి ఇంట్లో కూర్చోలేదు. మాస్కోలో మామొంతోవ్ అనే ధనవంతుడు నడిపే ప్రైవేట్ ఒపెరా కంపెనీలో 1897-98 సీజన్‌కి కండక్టర్‌గా పనిచేశారు. కండక్టర్ అంటే బస్సులో కాదు, ఆర్కెస్ట్రాని నడిపించేవాడు. సొంత ట్యూన్ రావట్లేదు, సరే, వేరేవాళ్ల సంగీతాన్ని చేత్తో నడిపించారు.

రెండోది, ఆయన డాక్టర్ దగ్గరికి వెళ్లారు. నికొలాయ్ దాల్ అనే డాక్టర్. 1900లో కొన్ని నెలల పాటు ఆయన దగ్గర హిప్నోసిస్ పద్ధతిలో చికిత్స తీసుకున్నారు. ఆ డాక్టర్‌కి సంగీతమంటే ఇష్టం, తనూ వాయించేవాడు. ఆ తర్వాత రాఖ్మానినోఫ్ రాసిందే రెండో పియానో కాన్చెర్టో. దాన్ని ఆ డాక్టర్‌కే అంకితం ఇచ్చారు. ప్రపంచంలో ఎక్కువగా వాయించే పియానో రచనల్లో అదొకటి.

మూడోది చాలామంది పట్టించుకోరు. మూడు భాగాలున్న ఆ కాన్చెర్టోలో ఆయన ముందు పూర్తి చేసింది రెండో భాగం, మూడో భాగం. 1900 డిసెంబర్‌లో ఆ రెండే వాయించి వినిపించారు. మొదటి భాగం అప్పటికి తయారవ్వలేదు. మొత్తం మూడూ కలిపి వినిపించింది 1901లో. అంటే మూడేళ్ల బ్లాక్ నుంచి బయటికొచ్చిన మనిషి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టలేదు. చేతికి ఏది అందితే అది ముందు చేశారు.

మనం ఏం చేస్తాం? పల్లవి మొదటి లైన్ అదిరిపోవాలి అని దాని దగ్గరే ఏడాది కూర్చుంటాం. పల్లవి రాకపోతే చరణం కట్టు. చరణం రాకపోతే మధ్యలో వచ్చే మ్యూజిక్ బిట్ కట్టు. ఇంట్లోకి వెళ్లడానికి ముందు తలుపే ఉండాలా? పెరటి తలుపు తీసుంటే అటు నుంచి వెళ్లు.

అన్నట్టు ఆ తిట్లు తిన్న మొదటి సింఫనీ సంగతి. ఆయన బతికుండగా దాన్ని మళ్లీ వాయించలేదు. 1943లో ఆయన చనిపోయారు. తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో ఆ వాద్య భాగాల కాగితాలు దొరికితే, 1945లో మాస్కోలో మళ్లీ వాయించారు. ఇప్పుడు పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు వాయిస్తున్నాయి. వినండి, అంత తిట్టాల్సినంత పనేం లేదు దాంట్లో.

సరే, అసలు మన లోపల ఏం జరుగుతోంది? పాట చేయడంలో రెండు పనులుంటాయి. ఒకటి కట్టడం. రెండోది బాగుందో లేదో తేల్చడం. రెండూ అవసరమే. కానీ రెండూ ఒకేసారి చేస్తే పని ఆగిపోతుంది. కూర వండుతున్నాం అనుకోండి. ఇంకా ఉల్లిపాయలు వేగుతున్నాయి. అప్పుడే గరిటెతో రుచి చూసి, "ఛీ, ఇది కూరలా లేదు" అని పారబోస్తే ఎలా ఉంటుంది? మళ్లీ ఉల్లిపాయలు తరగడం, మళ్లీ వేయించడం, మళ్లీ పారబోయడం. నీ ఫోన్‌లో ఉన్న 43 ముక్కలూ 43 సార్లు వేగిన ఉల్లిపాయలు తమ్ముడూ. ఒక్కసారి కూడా టమాటా దాకా రాలేదు.

దీనికి ఫోన్ కూడా తోడయ్యింది. వేలు కదిపితే చాలు, 15 సెకన్లకో అద్భుతమైన గొంతు. అవతలివాడు ఎన్ని టేకులు తీసుకున్నాడో మనకి కనిపించదు. వాడి ఆఖరి టేక్‌ని మన మొదటి టేక్‌తో పోల్చుకుంటాం. ఇంకోటి, లూప్. నాలుగు బార్లు కట్టి దాన్నే గంటసేపు తిప్పి తిప్పి వింటాం. చెవి అలిసిపోతుంది. పొద్దున బాగున్నదే మధ్యాహ్నానికి చప్పగా తోస్తుంది. మారింది ట్యూన్ కాదు, చెవి.

అందుకే నేను పెట్టుకున్న రూల్ ఒకటుంది. కట్టిన రోజు వినకూడదు. రికార్డ్ చెయ్యి, దానికి ఒక పేరు పెట్టు, వదిలెయ్. పేరంటే "రికార్డింగ్ 27" అని కాదు. "వాన, నెమ్మది, మూడు గతి", ఇలా. వారంలో ఒక రోజు, నాకైతే ఆదివారం పొద్దున, కూర్చుని అన్నీ వింటా. ఆ రోజు కొత్తది ఏదీ కట్టను. కట్టేవాడికి, తేల్చేవాడికి వేరే వేరే రోజులు ఇచ్చేశా. గొడవ తగ్గింది.

ఇక నేను ఎలా బయటపడ్డానో చెప్తా. గొప్పగా ఏం జరగలేదు. మా వీధిలో ఒక చిన్న స్కూల్ ఉంది. అక్కడ టీచర్ గారు ఒక గురువారం ఫోన్ చేసి, "బాబూ, శనివారం యానివర్సరీ. పిల్లలకి చెట్ల మీద ఒక చిన్న పాట కట్టిపెట్టవా? కానీ వాళ్లు పైకి పాడలేరు, కిందికి పాడలేరు" అన్నారు. ఒకటో తరగతి పిల్లలు. వాళ్ల గొంతుకి అందేది ఐదు స్వరాలు. స నుంచి ప దాకా. అంతే. బట్టలు తీసి, దుప్పటి తీసి, కూర్చున్నా. ముప్పావుగంటలో అయిపోయింది. ఏడు నెలలు ఒక్క లైన్ రాని మనిషికి ముప్పావుగంటలో పాట! మంచి పాటా అంటే, పర్లేదు, పిల్లల పాట. కానీ మొదలు ఉంది, చివర ఉంది. శనివారం ఆ పిల్లలు శ్రుతి లేకుండా గట్టిగా అరుస్తూ పాడుతుంటే వెనక నిలబడి విన్నా. "ఎక్కడో విన్నట్టుంది" అన్న ఆలోచన అసలు రాలేదు.

ఎందుకు వచ్చింది ఆ పాట? దారులు మూసేశారు కాబట్టి. స్వరాలు ఐదే, టైం రెండు రోజులే, విషయం చెట్లే. కంప్యూటర్‌లో ఉన్న వందల సౌండ్లలో ఏది ఎంచుకోవాలి అనే ప్రశ్నే రాలేదు.

ఈ పనిని మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఎంత దూరం తీసుకెళ్లారో చూడండి. రాగం అంటే కనీసం ఐదు స్వరాలు ఉండాలని మామూలుగా చెబుతారు కదా. ఆయన నాలుగు స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కట్టారు. అది చాలదన్నట్టు మూడు స్వరాలతో సర్వశ్రీ. స, మ, ప. అంతే, ఇంకేం లేదు. దాని మీద విమర్శలు వచ్చాయి, అలా ఎలా రాగం అవుతుందని పెద్ద చర్చే నడిచింది. ఆయన పాడి చూపించారు. 1975లో వచ్చిన తమిళ సినిమా అపూర్వ రాగంగళ్‌లో ఎం.ఎస్. విశ్వనాథన్ మహతిని వాడి పాట కట్టారు, ఏసుదాస్ పాడారు. మహతి అంటే స, గ, ప, ని. గిటార్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, సి సెవెంత్ కార్డ్‌లో ఉండే నాలుగు స్వరాలే. ఆ కార్డ్‌ని మీరు రోజూ పట్టుకుంటూనే ఉంటారు.

(ఇక్కడ కీబోర్డ్ మీద మూడు మెట్లతో వాయించి చూపించారు.)

ఇప్పుడు మీరు చేయండి. ఫోన్‌లో ఏ కీబోర్డ్ యాప్ ఉన్నా చాలు. సి, ఎఫ్, జి. మన లెక్కలో స, మ, ప. పది నిమిషాలు టైమర్ పెట్టండి. ఈ మూడే వాడి రెండు లైన్లు కట్టండి. మొదటి మూడు నిమిషాలు పరమ బోర్ కొడుతుంది, ముందే చెప్తున్నా. నాలుగో నిమిషంలో ఒకటి గమనిస్తారు. స్వరాలు లేవు కాబట్టి చెయ్యి తాళం వైపు వెళ్తుంది. ఎక్కడ ఆగాలి, దేన్ని సాగదీయాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అని వెతుకుతుంది. మన ట్యూన్లు చాలావరకు చప్పగా ఉండేది అక్కడే. స్వరాలు బోలెడు వాడతాం, ఖాళీ మాత్రం వదలం.

ఇంకొకటి, మాటలు దొరక్క ఆగిపోయేవాళ్లకి. మాటలు తర్వాత. ముందు ఏదో ఒక చెత్త పెట్టి పాడేయండి. మన సినిమా పాటల్లో డమ్మీ లిరిక్స్ అంటారు కదా, సంగీత దర్శకుడు "తననన" అనో నోటికొచ్చింది అనో పాడి ఇస్తాడు, రచయిత దాని మీద రాస్తాడు. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీకి యెస్టర్‌డే ట్యూన్ కలలో వచ్చిందట. మాటలు లేవు. చాలా రోజులు దాన్ని కోడిగుడ్డు పొరటు మీద పాటగా పాడుకుంటూ తిరిగాడు. నిజంగానే. 1965లో రికార్డ్ చేసే నాటికి అసలు మాటలు వచ్చాయి. ఇంకో తమాషా ఏంటంటే, ఆయనకీ నా భయమే. కలలో వచ్చింది కాబట్టి ఎవరిదో పాట అయి ఉంటుందని, కనిపించినవాళ్లందరికీ వినిపించి, "ఇది మీకు తెలుసా?" అని అడిగాడు. ఎవరూ తెలుసనలేదు. అప్పుడు తనదే అనుకున్నాడు.

ఆ పరీక్ష మీరూ చేయొచ్చు. ఇద్దరు ముగ్గురికి వినిపించండి. "ఇది ఫలానా పాట" అని పేరు చెబితే, ఆ లైన్ మార్చండి, మొహమాటం వద్దు. పేరు చెప్పలేక ఊరికే "ఎక్కడో విన్నట్టుంది" అంటే ముందుకెళ్లిపోండి. ఉన్నవి 12 మెట్లు. ఒకే రాగంలో కట్టిన రెండు పాటలకి పోలిక రాకుండా ఎలా ఉంటుంది? ఈ మాట నాకు ఏడు నెలల ముందు ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

ఒకే లైన్ దగ్గర ఇరుక్కుపోయినవాళ్లు త్యాగరాజ స్వామి వారి కృతుల్ని ఆ దృష్టితో వినండి. ఒక లైన్ పాడతారు. మళ్లీ అదే లైన్, కొంచెం మార్పు. మళ్లీ ఇంకొంచెం. వీటినే సంగతులు అంటారు. సంగతుల్ని అంత పద్ధతిగా పెంచిన పేరు ఆయనదే. మాట అదే, స్వరం నడక మారుతూ పోతుంది. కచేరీ వినే అలవాటు లేకపోయినా ఇది పట్టుకోవచ్చు. మీ ముక్కల్లో ఒకటి తీసుకోండి. రెండో లైన్ కొత్తగా కట్టకండి. మొదటి లైన్‌నే తీసుకుని చివరి రెండు స్వరాలు మాత్రం మార్చండి. అదే రెండో లైన్. మూడోసారి మధ్యలో మార్చండి. పల్లవికి కావాల్సినంత సరుకు వచ్చేసింది.

పాట మొత్తం ఎలా నిలబెట్టాలో తెలియట్లేదు అంటే, నచ్చిన పాట ఒకటి పెట్టుకుని బార్లు లెక్కపెట్టండి. ముందు మ్యూజిక్ ఎన్ని బార్లు, పల్లవి ఎన్ని, మధ్య బిట్ ఎన్ని, చరణం ఎన్ని. కాగితం మీద రాసుకుని, ఆ గళ్లల్లో మీ ముక్కలు పెట్టండి. ట్యూన్ ఎత్తితే తప్పు. గళ్లు ఎవరివైనా వాడుకోవచ్చు, పల్లవి తర్వాత చరణం అనేది ఎవరి సొంతమూ కాదు.

చేయకూడనిది కూడా ఒకటి చెప్తా. కొత్త ప్లగిన్లు, కొత్త మైక్, ట్యుటోరియల్ వీడియోలు. ఆ ఏడు నెలల్లో నేను ఇవే చేశా. పని చేస్తున్నట్టే ఉంటుంది, పాట మాత్రం ఉండదు. నా వీడియోలు కూడా కలిపే చెప్తున్నా. ఇది అయ్యాక ఇంకోటి చూడకండి.

ఒక్క విషయం మాత్రం సీరియస్‌గా వినండి. ట్యూన్ రావట్లేదు అనేది వేరు. నిద్ర పట్టట్లేదు, తినాలని లేదు, ఎవరితో మాట్లాడాలని లేదు, ఇది రెండు మూడు వారాలుగా ఇలాగే ఉంది అంటే వేరు. అప్పుడు మూడు స్వరాలు, పది నిమిషాలు ఇవేం పనిచేయవు. రాఖ్మానినోఫ్ అంతటివాడు డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. మన దగ్గర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది, 14416. డబ్బులేం అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మెసేజ్‌లో "భయమేస్తోంది" అని రాశావు కాబట్టి చెప్తున్నా తమ్ముడూ. ఆ భయం గిటార్ దగ్గరే ఆగుతోందా, మిగతా రోజంతా కూడా ఉంటోందా, నువ్వే చూసుకో. రోజంతా ఉంటే ముందు ఫోన్ చెయ్, పాట తర్వాత.

షార్ట్ ఫిల్మ్ పాట ఏమైంది అని అడుగుతారు. అది నాకు రాలేదు. వాళ్లు ఎంతకాలం ఆగుతారు చెప్పండి, వేరే అతనితో చేయించుకున్నారు. బాగానే చేశాడు. నాన్నకి నిజం చెప్పేశా. "మిక్సింగ్ అవ్వలేదా అయితే?" అన్నారు. "మొదలే అవ్వలేదు నాన్నా" అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ స్కూల్ పాట పంపు, వింటా" అన్నారు.

ఇప్పుడు నీ పని తమ్ముడూ. ఆ 43లో ఏది బాగుందో వెతకొద్దు. కళ్లు మూసుకుని ఒకటి నొక్కు, ఏది వస్తే అది. దానికి వచ్చే ఆదివారంలోపు ఒక ముగింపు కట్టు. మొదలు ఎలా ఉన్నా పర్లేదు, చివర ఉండాలి. రెండు నిమిషాలు దాటక్కర్లేదు. నాకు పంపు. మిగతావాళ్లు కూడా స, మ, ప తో కట్టింది పంపండి, గొంతు బాగోలేకపోయినా, వెనక కుక్కర్ విజిల్ వినిపించినా పర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో వాటిలో మూడు తీసుకుని ఇక్కడే కీబోర్డ్ మీద పూర్తి చేద్దాం. ఉంటా మరి.